నాచు మొక్క నేర్పిన పాఠము



ప్రార్థనకో, పెండ్లి మాటలకో మా ఇంటికి వచ్చినవారు కూర్చోగానే కిటికీ వైపు చూచి ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యగారండి, ఆ సీసాలో నాచు ఎందుకండి?" అని. వారు అడగడములో తప్పు లేదు. చెరువులో నుండి గంపలకొద్దీ పీకి గట్టు మీద పారవేసే నాచును గాజు సీసాలో పెట్టి, పూలమొక్కను చూచుకున్నట్టు చూచుకొనే ఇల్లు వారికి మరెక్కడా కనిపించి ఉండదు. చాలాసార్లు నవ్వి ఊరుకున్నాము. కాని ఆ సీసా వెనుక ఒక సంగతి ఉన్నది. మా మాట మూలముగా ఒక సహోదరునికి కలిగిన నష్టము ఉన్నది. దాన్ని దాచుకోవడము కంటె చెప్పడమే మేలని తోచి ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

మేముండేది పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరము వైపు ఒక గ్రామములో. వరిచేలు సగము, చేపల చెరువులు సగము. 2022 జూలైలో మా పెద్దమ్మాయి పదవ తరగతి చదువుతున్నది. ఒక సాయంత్రము బడి నుండి వస్తూనే, "నాన్నగారూ, రేపు సైన్సు మాస్టారు హైడ్రిల్లా తెమ్మన్నారు. ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. ఆ పేరు విని అదేదో పట్టణములో కొనవలసిన వస్తువనుకున్నాము. పుస్తకము తెరిచి బొమ్మ చూపించింది. చూస్తే ఇంకేమున్నది, మన చెరువులోని నాచే!

ఇద్దరము చెరువుగట్టుకు వెళ్ళాము. అన్ని రోజులుగా ఆ గట్టు మీద నడుస్తున్నా ఆ మొక్కను చేతిలోకి తీసుకొని చూచింది అదే మొదటిసారి. ఇది గుర్రపుడెక్కలాగా నీటి మీద తేలేది కాదు. రాళ్ళను పట్టుకొని జారే పాచి కూడ కాదు. పాచికి కాడా ఆకూ వేరువేరుగా ఉండవు, దీనికి ఉంటాయి. అడుగు మట్టిలో సన్నని వేళ్ళూని, నీటి లోపలే పెరిగి, నీటి లోపలే బ్రతికే మొక్క ఇది. దారములాంటి కాడ, ఆ కాడకు కణుపు కణుపునా చుట్టూ నాలుగు మొదలు ఎనిమిది వరకు చిన్న చిన్న ఆకులు. వ్రేళ్ళ మధ్య పెట్టి లాగితే ఆకుల అంచులు రంపపు పళ్ళలాగా గరగరమన్నాయి.

నీళ్ళలో అంత నిటారుగా నిలబడిన మొక్క, పైకి తీయగానే చేతిలో తడిగుడ్డలాగా వాలిపోయింది. దానికంటూ గట్టి కాండము లేదు. కాడలోని గాలి గదులూ, చుట్టూ ఉన్న నీరూ దాన్ని నిలబెడతాయి. ఆకు మందము రెండు వరుసల కణాలు మాత్రమే. ఎండ తగిలితే కొద్దిసేపటికే వాడిపోతుంది. అందుచేత తడి తువాలులో చుట్టి ఇంటికి తెచ్చాము.

మరునాడు బడిలో చేసిన ప్రయోగము చూచి వచ్చి, ఆదివారము కానిచ్చి, సోమవారము సెలవు కావడముతో మా వసారాలో మళ్ళీ చేసి చూపించింది అమ్మాయి. వెడల్పాటి గాజు పాత్రలో నీళ్ళు పోసి, నాచు కొమ్మల మీద గరాటు బోర్లించి, గరాటు కాడ మీద నీళ్ళు నిండిన పరీక్షనాళిక బోర్లించింది. నీళ్ళలో చిటికెడు వంటసోడా కలిపింది. పాత్రను ఎండలో పెట్టిన కొంతసేపటికి కాడల కొనల నుండి ముత్యాలలాగా బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి రాసాగాయి. పాత్రను నీడలోకి జరిపితే బుడగలు తగ్గాయి, ఎండలోకి తెస్తే మళ్ళీ వచ్చాయి. సాయంత్రానికి నాళిక పైభాగములో కొంత గాలి చేరింది. చీపురుపుల్ల వెలిగించి, ఆర్పి, కొన ఎర్రగా ఉండగానే ఆ నాళికలో పెట్టింది. పుల్ల భగ్గున మండింది. "ఇది ఆక్సిజన్ నాన్నగారూ. చేపలు నీళ్ళలో పీల్చుకొనేది ఇదే" అన్నది.

మేము చదివినది వేదాంత విద్యలో డిప్లొమా. మొక్కల శాస్త్రము మాకు తెలియదు. ఆ పుల్ల మండడము చూచి మేమూ, మా సహధర్మచారిణీ చిన్నపిల్లలలాగా సంతోషించాము. ఆ వారమంతా గృహ ప్రార్థనలలో అదే చెప్పాము. గట్టు మీద పారవేసే నాచు చేపలకు ఊపిరి పోస్తున్నదని మేము చెబుతుంటే అందరూ శ్రద్ధగా విన్నారు. వారు వినేకొద్దీ మాకు చెప్పాలనిపించింది.

మిగిలిన నాచును పారవేయడానికి మనసొప్పక ఒక సీసాలో వేశాము. కిరాణా కొట్లో బిస్కట్లు పోసుకొనే పెద్ద గాజు సీసా, అయిదు లీటర్లు పడుతుంది. పంచాయతీ కుళాయి నీళ్ళు అప్పటికప్పుడు పట్టి పోశాము. మొక్కకు బలముండాలని వరిచేనుకు తెచ్చిన యూరియా చిటికెడు వేశాము. ఎండ మంచిదన్నారు గదా అని మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేచోట పెట్టాము. వారము తిరిగేసరికి నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఆకులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే జిగురుగా ఊడి వచ్చాయి. సీసా మూత తీస్తే వాసన. మేము చేసిన ఉపకారమంతా దానికి అపకారమే అయ్యింది. యూరియాను నాచు కంటె ముందు పాచి తిన్నది, పాచి పెరిగి వెలుతురును అడ్డగించింది, సీసా నీళ్ళు ఎండకు కాగిపోయాయి.

రెండవసారి అమ్మాయి తన మాస్టారిని అడిగి వచ్చి చేసింది. అదే పద్ధతి ఇప్పటికీ నడుస్తున్నది. మీలో ఎవరైనా పిల్లలకు చూపించదలచితే ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము.

సీసా అడుగున రెండు వ్రేళ్ళ మందము చెరువు మట్టి వేసి, దాని మీద కడిగిన ఇసుక ఒక వ్రేలి మందము పరవాలి. కుళాయి నీళ్ళలో బ్లీచింగు ఉంటుంది గనుక, వెడల్పాటి పాత్రలో పట్టి ఒక రాత్రీ ఒక పగలూ ఉంచి ఆ తరువాత వాడుకోవాలి. ఇసుక మీద చిన్న ప్లేటు పెట్టి దాని మీద నెమ్మదిగా పోస్తే మట్టి లేవదు. చెరువు నుండి తెచ్చిన నాచును మంచి నీళ్ళలో రెండు మూడుసార్లు జాడించి, జానెడు పొడవు ముక్కలు నాలుగయిదు తీసుకొని, క్రింది రెండు కణుపులు ఇసుకలోకి పోయేటట్లు నాటాలి. ఎక్కువ నాటకూడదు. తూర్పు కిటికీలో ప్రొద్దుటి ఎండ రెండు గంటలు తగిలితే చాలు, మిగతా పగలంతా మామూలు వెలుతురు సరిపోతుంది. ఈ మొక్క చాలా కొద్ది వెలుతురులో కూడ బ్రతుకగలదు.

పది రోజులలో కణుపుల దగ్గర తెల్లని వేళ్ళు దారాలలాగా దిగుతాయి. అక్కడ నుండి పెరుగుదల త్వరగా ఉంటుంది. వారానికి ఒకసారి పావు వంతు నీళ్ళు తీసి, నిలవబెట్టిన నీళ్ళు పోయాలి. రాలిన ఆకులు ఏరివేయాలి. కాడలు నీటి పైకి వచ్చి చాపలాగా అల్లుకుంటే పైభాగము కత్తిరించి, ముదిరిన మొదళ్ళు తీసివేసి, ఆ లేత కొనలనే మళ్ళీ నాటాలి. ఎరువు అక్కరలేదు. ఒక చిన్న నత్తను వేస్తే ఆకుల మీది పాచిని తింటుంది. సీసా తెరిచి ఉంటుంది గనుక దోమలు గ్రుడ్లు పెట్టకుండా మేము రెండు గప్పీ చేపలను వేశాము. నెల తిరిగేసరికి మొక్కలు నీటి మట్టానికి వచ్చాయి. ఎండ పడిన పూట ఆకుల మీద వెండి చుక్కలలాగా బుడగలు. చూచినవారు ముచ్చటపడేవారు. మేము ఎక్కడ పొరపాటుపడ్డామో చెప్పవలసిన చోటికి ఇప్పుడు వచ్చాము.

సెప్టెంబరులో మా సంఘ సహోదరుడు ఒకడు ఇంటికి వచ్చాడు. అర ఎకరము చెరువు కౌలుకు తీసుకొని శీలావతి, బొచ్చె పిల్లలను వదిలాడు. చెరువు నిండా నాచు పట్టింది. ఇద్దరు కూలీలను పెట్టి పీకించాలనుకుంటున్నాననీ, పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేయమనీ అడిగాడు. మేము సీసా చూపించాము. బుడగలు చూపించాము. పుల్ల మండిన సంగతి చెప్పాము. "ఎందుకు తమ్ముడూ పీకించడము? అది చేపలకు ఊపిరి. ఉండనియ్యి, కూలి డబ్బులు కూడ మిగులుతాయి" అన్నాము.

అతడు కొంచెము తటపటాయించాడు. "మా నాన్నగారు చెరువులో ఇంత నాచు ఉండనిచ్చేవారు కాదండి" అన్నాడు.

"ఆ రోజులలో వారికి ఇవన్నీ తెలియవు గదా" అన్నాము.

"అయ్యగారు చెప్పాక ఇంకేమున్నదండి" అని వెళ్ళిపోయాడు. నాచు పీకించలేదు.

అక్టోబరులో మూడు రోజులు మబ్బు పట్టింది. గాలి లేదు, ఎండ లేదు, ఉక్కపోత. నాల్గవ రోజు ఇంకా తెల్లవారకముందే అతని కొడుకు మా గుమ్మములో నిలబడి, "అయ్యగారండి, చేపలు తేలిపోతున్నాయండి, నాన్న రమ్మంటున్నాడండి" అని ఏడుస్తున్నాడు. పరుగున వెళ్ళాము. టార్చిలైటు వెలుతురులో చెరువు చూడలేకపోయాము. చెరువు పొడుగునా చేపలు నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. అప్పటికే కొన్ని తెల్లగా వెల్లకిలా పడి ఉన్నాయి. ఎవరో డీజిలు ఇంజను తెచ్చారు. చెరువు నీళ్ళనే తోడి ఎత్తు నుండి చెరువులోనే చిమ్ముతూ ఎండ పైకి వచ్చేదాక నడిపారు. నీళ్ళు పడుతున్న చోటుకు బ్రతికున్న చేపలు గుంపుగా చేరాయి. దాదాపు సగము దక్కాయి. సగము పోయాయి. అమ్మకానికి ఇంకా కొన్ని నెలలు ఆగవలసిన చేపలు అవి. అతని భార్య ఒడ్డున కూర్చొని చచ్చిన చేపలను గంపలో వేస్తూ మధ్య మధ్య కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. గట్టు మీద నిలబడి ప్రార్థన చేయబోయాము గాని మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి అమ్మాయి పుస్తకములో తరువాతి పాఠము తెరిచి మాకు చదివి వినిపించింది. మొక్క ఆక్సిజన్ తయారుచేసేది వెలుతురు ఉన్నప్పుడే. కాని మొక్క కూడ మనలాగే రాత్రింబగళ్ళు శ్వాసిస్తుంది. పగలు తాను వాడుకొనేదాని కంటె ఎక్కువ ఇస్తుంది గనుక నీళ్ళలో ఆక్సిజన్ పెరుగుతుంది. చీకటి పడితే ఇవ్వడము ఆగిపోతుంది, వాడుకోవడము ఆగదు. చేపలు, పురుగులు, అడుగున కుళ్ళే చెత్త, అన్నీ అదే నీటిలోని ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుచేత చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. మబ్బు పట్టిన రోజులలో పగటి సంపాదన కూడ పడిపోతుంది. గాలి లేకపోతే పైనుండి కలిసేదీ తక్కువే. సీసాలో నాలుగు కాడలూ రెండు గప్పీలూ ఉన్నాయి గనుక తెల్లవార్లూ సరిపోయింది. చెరువు నిండా నాచు ఉన్నచోట సరిపోలేదు. మేము పగటిపూట మాత్రమే సీసాను చూచి, పగటి సంగతినే పూర్తి సంగతి అనుకొని సలహా చెప్పాము.

ఈ విషయములో మాకంటె గొప్పవారికి కూడ మొదట సగమే తెలిసిందని తరువాత చదివాము. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణములో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే బోధకుడు ఉండేవాడు. 1771లో ఆయన కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మను ఉంచాడు. పది రోజుల తరువాత ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ మండింది. చెడిపోయిన గాలిని మొక్క బాగుచేస్తుందని ఆయన కనుగొన్నాడు గాని, దానికి వెలుతురు కావాలని గుర్తించలేదు. 1779లో హాలెండు దేశపు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ నీటిలో ముంచిన ఆకుల నుండి వచ్చే బుడగలను వందలసార్లు పరీక్షించి మిగతా సగము కనుగొన్నాడు. పచ్చని భాగాలు ఎండలో మాత్రమే గాలిని బాగుచేస్తాయనీ, చీకటిలో మొక్కలు కూడ గాలిని చెడగొడతాయనీ ఆయన వ్రాశాడు. ప్రీస్ట్లీ గారి సగము తెలివి వలన ఎవరి చెరువూ పోలేదు. మా సగము తెలివి వలన పోయింది.

ఊరిలో మాట వేరుగా నడిచింది. "బద్ధకించాడు. కూలి డబ్బులకు చూచుకొని నాచు పీకించలేదు. వాళ్ళ నాన్నయితే ఇలా చేసేవాడా?" అని టీ కొట్టు దగ్గర అన్నారు. అతని బంధువులే అన్నారు. అతడు మాత్రము ఎవరికీ మా పేరు చెప్పలేదు. తన ఇంటివారికి కూడ చెప్పలేదని తరువాత తెలిసింది. ఆ వారములో ప్రతి రోజూ ఆ మాటలు మా చెవిని పడుతూనే ఉన్నాయి. మేమూ నోరు మెదపలేదు. ఊరివారి ముందు పాస్టరుగారి మాట తేలికైపోతే సంఘానికే నష్టమని మాకు మేము చెప్పుకున్నాము. శుక్రవారము రాత్రి మా సహధర్మచారిణి అన్నది: "సలహా చెప్పింది మనము. మాట పడుతున్నది ఆయన." అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆదివారము ఆరాధనలో ప్రకటనల సమయములో లేచి నిలబడి చెప్పాము. నాచు పీకించవద్దన్నది మేమేననీ, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పామనీ, వారి తండ్రిగారి అనుభవాన్ని తీసివేసి మాట్లాడామనీ, అతడు మా పేరు బయటపెట్టకుండా మాటలు పడ్డాడనీ చెప్పి క్షమాపణ అడిగాము. మందిరము నిశ్శబ్దమైపోయింది. వెనుక వరుసలో నుండి అతడు లేచి, "నాన్నగారి మాట నాకూ తెలుసండి. తెలిసే విన్నాను. తప్పు ఇద్దరిదీనండి" అని కూర్చున్నాడు. ఆ ఏటి కౌలులో కొంత మేము కట్టాము. వద్దన్నాడు గాని మేము వినలేదు. మేము భయపడినట్టు మా మాట తేలికైపోలేదు. ఆ తరువాత ఎవరైనా పొలము సంగతో, రోగము సంగతో సలహా అడిగితే, "ఇది మాకు తెలియదు, తెలిసినవారిని అడుగుదాము" అని చెప్పడము అలవాటు చేసుకున్నాము. వారూ ఆ మాటకు అలవాటుపడ్డారు.

ఇప్పుడు ఆ సహోదరుడు నాచును పూర్తిగా పీకించడు, పూర్తిగా వదిలివేయడు. పీకించినదాన్ని కొంచెము కొంచెముగా పీకించి, గట్టుకు దూరముగా ఎండబెట్టిస్తాడు. నీటిలోనే వదిలితే కుళ్ళి, అదీ ఆక్సిజన్ తినివేస్తుంది. కొంత బాతులకు వేస్తాడు. మత్స్యశాఖ వారిని అడిగి కొన్ని గడ్డి చేపలను వదిలాడు. అవి నాచును తిని పెరుగుతాయి. మబ్బు పట్టిన రోజులలో చేపలకు మేత తగ్గించి, ఇంజను సిద్ధముగా పెట్టుకొని, తెల్లవారుజామున ఒకసారి చెరువు చుట్టి వస్తాడు.

సీసాలో నాచు పెంచేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. కత్తిరించిన ముక్కలను కాలువలోనో, పక్కవారి చెరువులోనో పారవేయవద్దు. ఒక్క కణుపు ఉన్న ముక్క చాలు, కొత్త మొక్క లేస్తుంది. మట్టిలో ఇది వేసే చిన్న దుంపలు కొన్ని సంవత్సరాలు అణిగి ఉండి కూడ మొలుస్తాయి. ఇది మన దేశపు చెరువులలో ఎప్పటి నుండో ఉన్న మొక్కే. 1950లలో గాజు తొట్లలో పెంచడానికని దీన్ని అమెరికాలోని ఫ్లోరిడాకు తీసుకుపోయారు. అక్కడి కాలువలలో పడి, సరస్సులు కప్పివేసి, నేటికీ వారికి పెద్ద ఖర్చుగా ఉన్నది. కనుక ముక్కలను ఎండలో ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.

మా అమ్మాయి ఇప్పుడు పై చదువుకు పట్టణములో ఉన్నది. సీసాను మేమే చూచుకుంటున్నాము. శనివారము నీళ్ళు మార్చడము, రాలిన ఆకులు ఏరడము మా పని. ఫోను చేసినప్పుడల్లా, "నాన్నగారూ, నాచు ఎలా ఉన్నది?" అని అడుగుతుంది. ఆ సహోదరుని కొడుకు ఈ మధ్య వచ్చి బడిలో ప్రయోగానికని నాలుగు కాడలు అడిగాడు. తడి గుడ్డలో చుట్టి ఇచ్చాము. "ఎండలో పెట్టి బుడగలు చూడు. మరునాడు తెల్లవారకముందు లేచి కూడ ఒకసారి చూడు" అని చెప్పాము.

మేమూ అప్పుడప్పుడు అలాగే చూస్తుంటాము. ప్రాతఃకాల ప్రార్థనకు లేచినప్పుడు దీపము వేసి చూస్తే సీసాలో ఒక్క బుడగ ఉండదు. ఆకులు నల్లగా, కదలకుండా ఉంటాయి. గప్పీలు రెండూ పైకి చేరి ఉంటాయి. ఎండ కిటికీ దాటి లోపలికి వచ్చి, మొదటి బుడగ లేచేదాక కూర్చుంటాము.